చుక్కకూ చుక్కకూ మధ్య

తెల్లవారేసరికి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టే అమ్మనో అక్కయ్యనో మీరు చూసే ఉంటారు. ముందుగా చుక్కలు పెడుతుంది. ఆ చుక్కలు ఎంత సమదూరంలో ఉంటే ముగ్గు అంత తీరుగా కుదురుతుంది. తరవాత గీతలు. ఒక చుక్క నుంచి పక్క చుక్కకు తిన్నగా పోయే గీత ఒక రకం. మధ్యలో ఉన్న చుక్కను తాకకుండా దాని పక్కగా వంగి పోయే గీత ఇంకొక రకం. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చే మెలిక మూడో రకం. ఎంత పెద్ద ముగ్గయినా ఈ మూడింటితోనే తయారవుతుంది.

ఇప్పుడు మీకొక చిక్కు. అదే ముగ్గును పొరుగూళ్ళో ఉన్న మీ అత్తయ్య తన వాకిట్లో పెట్టాలనుకున్నది. మీరు టెలిఫోనులో చెప్పాలి. బొమ్మ చూపించకూడదు, నోటిమాటతోనే చెప్పాలి. "ఇక్కడ కాస్త వంచు, అత్తయ్యా," అంటారు మీరు. "కాస్త అంటే ఎంతరా? ఎటు వంచను?" అంటుంది ఆవిడ. ఇక మీ దగ్గర జవాబు ఉండదు. మీ చేతికి తెలిసిన సంగతి మీ నోటికి తెలియదు!

అయినా అత్తయ్య నయమే. ఆవిడ ఎన్నో ముగ్గులు పెట్టిన మనిషి కాబట్టి మీ తప్పు మాటల్లోంచి ఒప్పు ముగ్గును ఊహించుకుంటుంది. కంప్యూటరుకు ఊహించటం చేతకాదు. దానికి కాగితం మీద బొమ్మ గీయించాలంటే, ప్రతి చుక్కా ఎక్కడున్నదీ, ప్రతి గీతా ఎక్కడ మొదలై, ఎటు తిరిగి, ఎక్కడ ఆగేదీ అంకెలతో చెప్పాలి. అట్లా వరసగా చెప్పే ఆజ్ఞలనే ప్రోగ్రాము అంటారు. మూడు రకాల గీతలనూ ఆజ్ఞలతో ఎట్లా గీయిస్తారో చూద్దాం. పెన్సిలూ గళ్ళ కాగితమూ దగ్గర పెట్టుకుని చదవండి. ప్రతి లెక్కా మీరే గీసి సరిచూసుకోవచ్చు.

పాముపటంలో చివరి మూడు గళ్ళు

నూరు గళ్ళ పాముపటం మీకు కొత్త కాదు. పాచిక వేస్తారు, పడ్డ అంకెను బట్టి కాయను జరుపుతారు. నూరో గడి చేరితే కాయ పండినట్టు. కాని చివర్లో ఒక నియమం ఉన్నది. సరిపడే అంకె పడితేనే కాయ జరగాలి. ఎక్కువ పడితే కాయ ఉన్నచోటే ఉండాలి. ఆ చివరి గళ్ళలో పామూ లేదు, నిచ్చెనా లేదు అనుకుందాం.

మీ కాయ 98లో ఉన్నది. 1 పడితే 99కి పోతుంది. 2 పడితే ఒక్కసారిగా 100కు పోయి పండుతుంది. 3, 4, 5, 6లలో ఏది పడినా కదలదు. 99లో ఉంటే 1 పడాలి. మిగతా అయిదింటిలో ఏది పడినా అక్కడే ఉంటుంది.

ఈ సంగతంతా బొమ్మగా గీయవచ్చు. ఒకే వరసలో మూడు గుండ్రాలు గీసి, లోపల 98, 99, 100 అని రాయండి. గుండ్రం కేంద్రం నుంచి అంచుకు 1 సెంటీమీటరు. ఒక కేంద్రం నుంచి పక్క కేంద్రానికి 4 సెంటీమీటర్లు. ఇక బాణాలు గీయాలి. 98 నుంచి 99కీ, 99 నుంచి 100కూ తిన్నని గీతలు చాలు. 98 నుంచి 100కు తిన్నగా గీస్తే ఏమవుతుంది? గీత 99 కడుపులోంచి పోతుంది! చూసినవాడు కాయ 99లో దిగి వెళ్ళిందనుకుంటాడు. కాబట్టి అక్కడ వంపు గీత కావాలి. కాయ కదలని అంకెలకు 98 నుంచి 98కే, 99 నుంచి 99కే పోయే మెలికలు కావాలి. అమ్మ పెట్టే ముగ్గులోని మూడు రకాలూ ఈ చిన్న బొమ్మలోనే ఉన్నాయి.

తిన్నని గీత

తిన్నని గీత తేలికే అనుకుంటారు. కాని మొట్టమొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. "ఈ కేంద్రం నుంచి ఆ కేంద్రానికి గీత గీయి" అని ఆజ్ఞ ఇచ్చారనుకోండి. కంప్యూటరు అట్లాగే గీస్తుంది. గీత గుండ్రాల లోపలికి చొరబడి, 98 అనే అంకె మీదా 99 అనే అంకె మీదా పడుతుంది. గీత అంచున మొదలై అంచున ఆగాలి.

పక్కపక్కన ఉన్న గుండ్రాలకు ఆ అంచు ఎక్కడో కంటికే తెలుస్తుంది. ఏటవాలుగా ఉంటే? ఒక గుండ్రానికి ఇంకొక గుండ్రం 6 సెంటీమీటర్లు కుడికీ, 8 సెంటీమీటర్లు పైకీ ఉన్నదనుకుందాం. పైథాగొరస్ సిద్ధాంతం ప్రకారం 6 వర్గం 36, 8 వర్గం 64, రెండూ కలిపితే 100. దాని వర్గమూలం 10. కేంద్రాల మధ్య దూరం 10 సెంటీమీటర్లన్నమాట. అంచు 1 సెంటీమీటరు దూరంలో ఉన్నది, అంటే దారిలో పదోవంతు. 6లో పదోవంతు 0.6, 8లో పదోవంతు 0.8. కాబట్టి కేంద్రం నుంచి 0.6 కుడికీ 0.8 పైకీ జరిగిన చోట గీత మొదలు కావాలి. రెండో కొన కూడా ఇంతే. బడిలో నేర్చుకున్న సిద్ధాంతం ఇట్లా అక్కరకు వస్తుంది.

మొదలూ తుదీ తెలిశాయి. అయినా పని పూర్తి కాలేదు. కంప్యూటరు తెర నిండా సన్నని చుక్కలే ఉంటాయి. ఏ చుక్కలను వెలిగిస్తే అది గీతలాగా కనిపిస్తుంది?

1962లో అమెరికాలోని ఐ.బి.ఎం. కంపెనీలో జాక్ బ్రెసెన్‌హామ్ అనే ఆయనకు ఈ చిక్కే వచ్చింది. ఆయన దగ్గరున్న యంత్రం ఒక కలాన్ని కాగితం మీద చిన్న చిన్న అడుగులుగా కదిలించేది. పక్కకో, పైకో, కిందికో, మూలకో మాత్రమే అది అడుగు వేయగలదు. ఏటవాలు గీత గీయాలంటే ఎప్పుడు పక్కకు వేయాలి, ఎప్పుడు మూలకు వేయాలి? బ్రెసెన్‌హామ్ కనిపెట్టిన ఉపాయం 1965లో అచ్చయింది. అందులో భిన్నాలు లేవు, భాగహారం లేదు. దాన్ని అప్పు లెక్కలాగా చెప్పుకుందాం.

గీత 7 గళ్ళు కుడికీ 3 గళ్ళు పైకీ పోవాలి. కుడికి ఒక్కొక్క అడుగు వేసినప్పుడల్లా 3 రూపాయలు అప్పు రాసుకోండి. అప్పు మూడున్నర, అంటే 7లో సగం, దాటితే ఒక గడి పైకెక్కి, 7 రూపాయలు జమ కట్టండి. మొదటి అడుగుకు అప్పు 3. ఎక్కనక్కరలేదు. రెండో అడుగుకు 6. ఒక గడి ఎక్కి 7 జమకట్టాము. మనకే 1 రావాలి. మూడో అడుగుకు అప్పు 2, ఎక్కవద్దు. నాలుగుకు 5, ఎక్కాలి. మనకు 2 రావాలి. అయిదుకు అప్పు 1, ఎక్కవద్దు. ఆరుకు 4, ఎక్కాలి. మనకు 3 రావాలి. ఏడో అడుగుకు లెక్క చెల్లు! అప్పూ లేదు, రాబడీ లేదు. సరిగ్గా 7 గళ్ళు కుడికీ 3 గళ్ళు పైకీ చేరాము. గళ్ళ కాగితం మీద ఈ చుక్కలు పెట్టి, కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకు చూడండి. మెట్లు మాయమై గీత కనిపిస్తుంది. మూడున్నర కూడా భిన్నమే గదా అంటారేమో! అన్నింటినీ రెట్టింపు చేసి, 3 బదులు 6, మూడున్నర బదులు 7, జమ 14 అనుకుంటే సరిపోతుంది.

వంపు గీత

98 నుంచి 100కు వంపు గీయాలి. "కాస్త వంచు" అన్నది కంప్యూటరు దగ్గర పనికిరాదని చెప్పుకున్నాం. ఈ "కాస్త" కార్ల కంపెనీలను కూడా ఏడిపించింది. కారు పైభాగమంతా వంపులే. ఆ వంపులను పనివాళ్ళు అచ్చులతోనూ నమూనాలతోనూ తయారు చేసేవాళ్ళు. ఒకరు గీసిన వంపు ఇంకొకరి చేతిలో అచ్చంగా అట్లాగే వచ్చేది కాదు.

1958లో ఫ్రాన్సులో సిట్రొయెన్ కార్ల కంపెనీలో పాల్ ద కాస్తెల్జో అనే గణితవేత్త చేరాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై అయినా నిండలేదు. మరుసటి సంవత్సరమే ఆయన వంపును అంకెలతో చెప్పే పద్ధతి కనిపెట్టాడు. అది చాలా సులభం. మీరే చేయవచ్చు.

98 గుండ్రం నెత్తిన ఒక చుక్క పెట్టండి. దాని పేరు అ. 100 గుండ్రం నెత్తిన ఇంకొక చుక్క పెట్టండి. దాని పేరు ఈ. రెండింటి మధ్య దూరం 8 సెంటీమీటర్లు. ఇప్పుడు దారి చూపటానికి గాలిలో రెండు చుక్కలు కావాలి. అ నుంచి 2 కుడికీ 4 పైకీ పోయి ఆ అనే చుక్క పెట్టండి. అ నుంచి 6 కుడికీ 4 పైకీ పోయి ఇ అనే చుక్క పెట్టండి. అ, ఆ, ఇ, ఈ వరసగా కలపండి. మూడు గీతలు వచ్చాయి.

ఆ మూడు గీతలకూ నడిమి చుక్కలు పెట్టండి. అవి 1 కుడికి 2 పైకి, 4 కుడికి 4 పైకి, 7 కుడికి 2 పైకి వస్తాయి. ఈ మూడింటినీ కలిపితే రెండు గీతలు. వాటి నడిమి చుక్కలు రెండున్నర కుడికి 3 పైకి, అయిదున్నర కుడికి 3 పైకి వస్తాయి. ఈ రెండింటినీ కలిపితే ఒకే గీత. దాని నడిమి చుక్క 4 కుడికి 3 పైకి వస్తుంది. వంపు గీత ఆ చుక్క మీదుగా పోతుంది! 99 గుండ్రం నెత్తి కన్న 3 సెంటీమీటర్లు పైగా పోతున్నది కాబట్టి దాన్ని తాకే భయం లేదు.

నడిమి చుక్కలకు బదులు ప్రతి గీత మీదా నాలుగోవంతు దూరంలో చుక్కలు పెట్టుకుంటూ వస్తే, వంపు మీది ఇంకొక చుక్క దొరుకుతుంది. అది సుమారు 1.8 కుడికీ 2.25 పైకీ వస్తుంది. ముప్పాతిక దూరంలో పెడితే ఇంకొకటి. ఇట్లా ఎన్ని కావాలంటే అన్ని. కంప్యూటరు కొన్ని పదుల చుక్కలు లెక్కకట్టి, వాటిని పొట్టి పొట్టి తిన్నని గీతలతో కలుపుతుంది. మన కంటికి అది వంపులాగానే కనిపిస్తుంది.

వంపు ఆ, ఇ చుక్కలను ముట్టుకోదు. అవి వంపును తమవైపు లాగుతాయి, అంతే. వాటిని ఇంకా పైకి పెడితే వంపు ఇంకా పైకి లేస్తుంది. బాణం ములుకు ఎటు తిరిగి ఉండాలో కూడా అవే చెబుతాయి. ఇ నుంచి ఈ వైపుకు ఎటు చూస్తే అటే ములుకు.

ఇంత చక్కని ఉపాయాన్ని సిట్రొయెన్ కంపెనీ బయటకు చెప్పనివ్వలేదు. పోటీ కంపెనీలకు తెలియకూడదని రహస్యంగా దాచింది. ఇంతలో రెనో అనే ఇంకొక కార్ల కంపెనీలో పియేర్ బెజియే అనే ఇంజనీరు కూడా ఇదే పని మొదలుపెట్టి, తన దారిన తాను ఇవే వంపులను చేరాడు. ఆయన తన పనిని 1960ల్లో ప్రచురించాడు. అందుచేత లోకమంతా వీటిని బెజియే వంపులన్నది. చుక్కల మీద చుక్కలు పెట్టుకుంటూ పోయే పద్ధతికి మాత్రం చివరకు కాస్తెల్జో పేరు దక్కింది. బెజియే 1999లో, కాస్తెల్జో 2022లో పోయారు. సెల్‌ఫోనులో మీరు చదివే గుండ్రని తెలుగు అక్షరాల అంచులు కూడా ఈ జాతి వంపులే.

మెలిక

99 నుంచి 99కే మెలిక గీయాలి. అదే పద్ధతి. కాని ఒక తమాషా చూడండి. మొదలూ తుదీ గుండ్రం నెత్తిన ఒకే చుక్క అనుకుని, దారి చూపే చుక్కలు రెండింటినీ దాని పైన తిన్నగా ఒకే చోట పెడితే? గీత తిన్నగా పైకి పోయి, వచ్చిన దారినే కిందికి దిగుతుంది. మెలికకు బదులు పుల్ల వస్తుంది!

కాబట్టి చుక్కలను విడదీయాలి. నెత్తికి ఎడమగా అర సెంటీమీటరు దూరంలో మొదలు, కుడిగా అర సెంటీమీటరు దూరంలో తుది. దారి చూపే చుక్కలు 4 సెంటీమీటర్ల ఎత్తున, ఒకటి ఎడమకు 2 సెంటీమీటర్ల దూరంలో, ఇంకొకటి కుడికి 2 సెంటీమీటర్ల దూరంలో. ఇప్పుడు చక్కని మెలిక వస్తుంది. దాని కొన ఎంత ఎత్తున ఉంటుందో నడిమి చుక్కలతో లెక్క కట్టండి. 3 సెంటీమీటర్లు!

ఇక్కడ ఆగి ఆలోచించండి. 98 నుంచి 100కు పోయే వంపు కూడా 99 మీదుగా 3 సెంటీమీటర్ల ఎత్తునే పోతున్నది. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకుంటాయి. చూసేవాడికి కాయ ఏ దారిన పోయిందో తెలియదు. రెండు ఆజ్ఞలూ విడివిడిగా ఒప్పే. కలిపితే తప్పయింది! ఉపాయమేమిటి? వంపును పైనే ఉంచి, మెలికలను కిందికి తిప్పటం.

గీత తప్పితే లెక్క తప్పుతుంది

ఒక గీత ఇంకొక గీత మీద పడితే మునిగిపోయిందేమున్నది అనుకుంటారేమో! వినండి.

పూర్వం ప్రష్యాలో కోనిగ్స్‌బర్గు అనే పట్నం ఉండేది. ఇప్పుడది రష్యాలో ఉన్నది. పేరు కలీనిన్‌గ్రాద్. అక్కడ నది మధ్య ఒక లంక. లంకకు ఉత్తరపు ఒడ్డుతో రెండు వంతెనలు, దక్షిణపు ఒడ్డుతో రెండు వంతెనలు, తూర్పున నదిపాయల మధ్య ఉన్న భూమితో ఒకటి. ఆ తూర్పు భూమికి ఉత్తరపు ఒడ్డుతో ఒకటి, దక్షిణపు ఒడ్డుతో ఒకటి. మొత్తం ఏడు. ఒక్కొక్క వంతెనా ఒక్కసారే దాటుతూ ఏడింటినీ చుట్టి రాగలమా అన్నది ప్రశ్న.

లియొనార్డ్ ఆయిలర్ అనే మహాగణితవేత్త 1735లో పీటర్స్‌బర్గు అకాడమీకి దీని జవాబు చెప్పాడు. ఒక చోటికి వంతెన మీదుగా వచ్చిన మనిషి ఇంకొక వంతెన మీదుగా పోవాలి. కాబట్టి నడక మొదలయ్యే చోటా, ముగిసే చోటా తప్ప, ప్రతిచోటా వంతెనల సంఖ్య సరిసంఖ్య కావాలి. ఈ పట్నంలో లంకకు 5, మిగతా మూడు చోట్లా మూడేసి. నాలుగూ బేసిసంఖ్యలే. ఆ నడక ఎవరివల్లా కాదు!

తరవాతివాళ్ళు ఈ లెక్కను నాలుగు గుండ్రాలూ ఏడు గీతలూ ఉన్న బొమ్మగా గీశారు. దాన్ని కంప్యూటరుకు చెప్పి, అన్నీ తిన్నని గీతలే గీయమన్నామనుకోండి. లంక నుంచి ఉత్తరానికి రెండు గీతలున్నాయి. రెంటికీ మొదలూ తుదీ ఒకటే. కాబట్టి ఒకదాని మీద ఒకటి పడి ఒకటే గీతగా కనిపిస్తాయి. దక్షిణం వైపు కూడా అంతే. ఇప్పుడు బొమ్మలో అయిదు గీతలే కనిపిస్తాయి. లంకకు 3, తూర్పుకు 3, ఉత్తరానికి 2, దక్షిణానికి 2. లంకలో బయలుదేరి ఉత్తరానికి, తూర్పుకు, దక్షిణానికి, మళ్ళీ లంకకు, చివరకు తూర్పుకు పోవచ్చు. నడక కుదిరింది! అసాధ్యమని ఆయిలర్ రుజువు చేసిన పనిని, గీయటం తెలియని బొమ్మ సాధ్యమని చెబుతున్నది. ఆ రెండు గీతలలో ఒకదాన్ని ఎడమకూ ఒకదాన్ని కుడికీ వంచితే చాలు, నిజం బయటపడుతుంది.

పొట్టి ఆజ్ఞలు

ప్రతిసారీ ఇన్ని లెక్కలు కట్టాలా అని బెంగపడకండి. ఈ లెక్కలన్నీ ముందే రాసిపెట్టిన ప్రోగ్రాములున్నాయి. జర్మనీకి చెందిన టిల్ టాంటావ్ తయారు చేసిన టిక్‌జెడ్ అలాంటిదే. దాని పేరు విప్పి చదివితే జర్మను భాషలో "టిక్‌జెడ్ బొమ్మలు గీసే ప్రోగ్రాము కాదు" అని అర్థం వస్తుంది! గీసేది చేయి కాదు, మాట అని ఆయన హాస్యం కాబోలు. అందులో ఆజ్ఞలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగులో చెబితే మన పాముపటం ఇట్లా ఉంటుంది:

98 నుంచి 99కి తిన్నగా. అంకె 1.
99 నుంచి 100కు తిన్నగా. అంకె 1.
98 నుంచి 100కు ఎడమ వంపు. అంకె 2.
98 నుంచి 98కే కింద మెలిక. అంకెలు 3, 4, 5, 6.
99 నుంచి 99కే కింద మెలిక. అంకెలు 2, 3, 4, 5, 6.

"ఎడమ" అంటే ఎవరి ఎడమ? గీత వెంబడి నడిచిపోయే మనిషి ఎడమ. 98 నుంచి కుడివైపున్న 100కు నడిచేవాడికి ఎడమ చేయి పైవైపు ఉంటుంది కదా! ఎంత వంచాలో చెప్పకపోతే టిక్‌జెడ్ 30 డిగ్రీలు వంచుతుంది. ఇందులో ఒక సుఖమున్నది. రెండు గుండ్రాల మధ్య పోయే బాణం ఒకటి, తిరిగి వచ్చే బాణం ఒకటి ఉంటే, రెంటికీ "ఎడమ వంపు" అనే చెప్పవచ్చు. మన రోడ్డు మీద పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఎవరి ఎడమపక్కన వాళ్ళు నడిచినట్టు, రెండు బాణాలూ ఢీకొనకుండా తప్పుకుపోతాయి.

ఇంతకూ ముగ్గులతో మొదలుపెట్టాం కదా! మద్రాసులో గిఫ్ట్ సిరొమనీ, రాణీ సిరొమనీ, కమలా కృతివాసన్ అనే ముగ్గురు పండితులు తమిళుల కోలాలను, అంటే మన ముగ్గులవంటివాటినే, పరిశీలించారు. వాటిని నియమాలతో ఎట్లా పుట్టించవచ్చో వివరిస్తూ 1974లో ఒక వ్యాసం ప్రచురించారు. వాకిట్లో ఆడవాళ్ళు వేళ్ళతో చేసే పనిలో ఎంత లెక్క దాగి ఉన్నదో దానివల్ల పండితలోకానికి తెలిసింది.

ఇక మీ వంతు. పాముపటంలో 97వ గడిని కూడా కలిపి నాలుగు గుండ్రాల బొమ్మ గీయండి. 97 నుంచి 98కి, 99కి, 100కు బాణాలు పోతాయి. 4, 5, 6 పడితే మెలిక. మొత్తం ఆరు బాణాలూ మూడు మెలికలూ వస్తాయి. ఒక్క గీత కూడా ఇంకొక గీతను దాటకూడదు. దేన్ని పైకి వంచాలో, దేన్ని కిందికి వంచాలో మీరే తేల్చుకోండి. అది సాధ్యమే.

గీయటం అయినాక ఆ బొమ్మను దాచిపెట్టి, చెల్లాయినో తమ్ముణ్ణో పిలిచి, నోటిమాటతోనే వాళ్ళచేత గీయించండి. "కాస్త" అనే మాట ఒక్కసారి కూడా వాడకూడదు. రెండు బొమ్మలూ ఒకటిగా వస్తే, మీకు కంప్యూటరుతో మాట్లాడటం సగం వచ్చినట్టే.